625 మాత్రా, ఉప్పల్ రోడ్డు కత్తెరా

ముందే ఒప్పేసుకుంటే మంచిది. నేను బయాలజీ మనిషిని కాను. ఇంటర్లో ఎంపీసీ ఫారం నింపిన రోజే కప్పలకీ బొద్దింకలకీ ఓ దణ్ణం పెట్టి బయటపడ్డవాణ్ణి. బైపీసీ వాళ్ళు రికార్డుల్లో బొమ్మలు గీసుకుంటుంటే చూసి జాలిపడ్డవాణ్ణి కూడా. అలాంటివాణ్ణి నెల రోజులుగా బ్యాక్టీరియా గోడ గురించి చదువుతున్నానంటే దానికి కారణం ఒక టాబ్లెట్ అట్ట.

కథ చిన్నదే. రిలీజు వారం. జలుబు, గొంతు నొప్పి, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మా రూమ్మేటు చూసి "మామా, 625 వేసెయ్. రెండ్రోజుల్లో సెట్టైపోతావ్" అన్నాడు. వాడు డాక్టరు కాదు, టెస్టింగు. అయినా మన రూముల్లో డాక్టరు కానివాడెవడు? కింద మెడికల్ షాపుకెళ్ళి 625 ఇవ్వమన్నాను. చీటీ అడగలేదు. "ఎన్నివ్వమంటారు సార్?" అని మాత్రం అడిగాడు, నిమ్మకాయలు అడిగినట్టు. ఆరు తీసుకున్నా. రెండు రోజులు పొద్దునొకటి, రాత్రొకటి వేశా. మూడో రోజుకి తేలిగ్గా అనిపించింది. ఆపేశా. మిగిలిన రెండూ ఆఫీసు డ్రాయర్లో పడేశా, రేపెప్పుడైనా పనికొస్తాయని.

జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మా నాయనమ్మ అంటుండేది. అది తెలిసీ వేసుకున్నాను, అది వేరే విషయం.

ఓ మధ్యాహ్నం బిల్డు నడుస్తోంది, నలభై నిమిషాలు పని లేదు. డ్రాయర్లోంచి ఆ అట్ట తీసి చదివా. అమాక్సిసిలిన్ 500 మి.గ్రా., క్లావులానిక్ యాసిడ్ 125 మి.గ్రా. ఓహో, 625 అంటే అదన్నమాట! అట్ట మీద నిలువుగా ఎర్ర గీత కూడా ఉంది. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని జనానికి తెలియడానికి ఆ గీత గురించి 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ పెద్ద ప్రచారమే చేసింది. ఇన్నేళ్ళూ అది డిజైను అనుకున్నా. సరే, 500 మందు అనుకుందాం. మరి ఈ 125 ఏంటి? రెండు మందులెందుకు? ఈ ప్రశ్న దగ్గర మొదలై ఎక్కడో తేలాను. ఆ తేలిన చోటు మన హైదరాబాదులోనే, ఉప్పల్ రోడ్డులోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నా.

బ్యాక్టీరియా అంటే బాగా గాలి కొట్టిన ట్యూబు అనుకోండి. లోపల ఉప్పులూ చక్కెరలూ ప్రొటీన్లూ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి బయటి నీళ్ళు లోపలికి తోసుకొస్తుంటాయి. సెగ్గడ్డలు తెప్పించే స్టాఫిలోకోకస్ లాంటి వాటిల్లో ఆ ఒత్తిడి సుమారు 20 అట్మాస్ఫియర్లట. మన కారు టైర్లో కొట్టించే గాలి 2కి కాస్త అటూ ఇటూ. అంత ఒత్తిడికి పలచటి కొవ్వుపొర ఆగదు, ఠప్పున పేలిపోవాలి. పేలకుండా చుట్టూ పట్టి ఉంచేదే గోడ. దాని పేరు పెప్టిడోగ్లైకాన్. మ్యూరీన్ అని ముద్దుపేరు కూడా ఉంది (లాటిన్లో మ్యూరస్ అంటే గోడట).

గోడ అనగానే ఇటుకలూ సిమెంటూ ఊహించుకోకండి. ఇది నులకమంచం లాంటిది. రెండు రకాల చక్కెరలు ఒకటి మార్చి ఒకటి వచ్చే పొడుగు గొలుసులు. రెండో రకం చక్కెర ఉన్న ప్రతిచోటా నాలుగైదు అమైనో ఆమ్లాల చిన్న తోక వేలాడుతుంటుంది. పక్క గొలుసు తోకా ఈ గొలుసు తోకా ముడేస్తే వల తయారవుతుంది. ఆ వల బ్యాక్టీరియా చుట్టూ సంచీలా తిరిగొస్తుంది. సంచీ మొత్తం ఒకే ఒక్క అణువు అని 1964లో వైడెల్, పెల్జర్ అనే ఇద్దరు రాశారు. ఒక జీవి అంత అణువు! నాకైతే ఇది చదివాక కాసేపు పని మీద ధ్యాస నిలవలేదు.

ఈ గోడ మనిషి కణాలకి లేదు. వైరస్సులకీ లేదు. మొదటి సంగతి మన అదృష్టం, గోడ మీద కొట్టే మందు మనల్ని కొట్టదు. రెండో సంగతి నా 625 కథకి సంబంధించినది. మామూలు జలుబు తెప్పించేది వైరస్సు. లేని గోడని కూలగొట్టడానికి నేను నాలుగు మాత్రలు మింగానన్నమాట.

గోడ కట్టే పనివాళ్ళ దగ్గరికొద్దాం. మొదటి వరస పేర్లు మ్యూర్-ఏ, మ్యూర్-బీ, మ్యూర్-సీ.. అలా మ్యూర్-ఎఫ్ దాకా. (మన కోడులో వేరియబుల్సుకి పెట్టే పేర్లు తలుచుకుని సిగ్గుపడ్డాను.) మ్యూర్-ఏ, బీ కలిసి చక్కెరని సిద్ధం చేస్తాయి, సీ నుంచి ఎఫ్ దాకా తోకకి ఒక్కో ముక్కా తగిలిస్తాయి. తోక చివర రెండు డి-అలనీన్లు ఉంటాయి. ఇక్కడో చమత్కారం ఉంది. అమైనో ఆమ్లాలకి మన చేతుల్లా ఎడమ, కుడి రూపాలుంటాయి. ప్రొటీన్లన్నీ ఎడమ రూపంతోనే తయారవుతాయి. బ్యాక్టీరియా తన గోడలో కుడి రూపాన్ని కూడా వాడుకుంటుంది. మామూలు ప్రొటీన్లని నరికే ఎంజైములకి ఈ ముడి చేతికందదు. ఎడమకాలి చెప్పులో కుడికాలు పెట్టినట్టుంటుంది వాటికి.

ఈ వరసలో ఎవర్ని ఆపినా గోడ ఆగుతుంది. ఫాస్ఫోమైసిన్ అనే మందు మ్యూర్-ఏని ఆపుతుంది, అందులో ఒక సిస్టీన్‌కి అతుక్కుపోయి. క్షయ బ్యాక్టీరియాలో సరిగ్గా ఆ చోట సిస్టీన్ బదులు వేరే అమైనో ఆమ్లం ఉంది, కాబట్టి దాని మీద ఈ మందు పనిచేయదు. ఒక్క అక్షరం తేడా అంతే. సెమీకోలన్ కోసం రాత్రంతా కూర్చున్నవాళ్ళకి ఈ బాధ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

తయారైన ముక్కని కొవ్వుపొర అవతలికి పంపాలి. ఎమ్రా-వై అనే ఎంజైము దాన్నొక కొవ్వు ట్రాలీ మీదకెక్కిస్తుంది, మ్యూర్-జీ రెండో చక్కెర తగిలిస్తుంది, మ్యూర్-జే అవతలికి తిప్పుతుంది. ఖాళీ ట్రాలీ మళ్ళీ లోపలికి రావాలి. దెబ్బలకి రాసే ఆయింట్‌మెంట్లలో ఉండే బాసిట్రాసిన్ ఆ ట్రాలీని తిరిగి రానివ్వదు. అవతల చేరిన ముక్కల్ని గొలుసుగా కలిపే వాళ్ళలో రాడ్-ఏ ఒకటి. 2016 దాకా చాలామంది దాన్ని సరుకు మోసే కూలీ అనుకున్నారట. అసలు మేస్త్రీల్లో అదొకటని అప్పుడు తేలింది. డాక్యుమెంటేషను తప్పుగా ఉండటం మన ఒక్క ఫీల్డులోనే కాదు, హమ్మయ్య.

చివరి పని తోకల ముడి వెయ్యడం. ఆ పని చేసే ఎంజైములు ట్రాన్స్‌పెప్టిడేజులు. ఇవి ఆ రెండు డి-అలనీన్ల తోకని పట్టుకుని, చివరిదాన్ని తెంపి పారేసి, ఆ ఖాళీ అయిన చోట పక్క గొలుసు తోకని ముడేస్తాయి. పెన్సిలిన్ ఆకారం అచ్చం ఆ డి-అలనీన్ జంటలా ఉంటుంది. ఎంజైము మోసపోయి దాన్ని పట్టుకుంటుంది, ఇక వదలలేదు. మన భాషలో చెప్పాలంటే హ్యాంగు. ఈ ఎంజైములకి 'పెన్సిలిన్ అంటుకునే ప్రొటీన్లు' అనే పేరే స్థిరపడిపోయింది. హతుడికి హంతకుడి పేరు పెట్టినట్టు! నా అట్టలోని 500, అంటే అమాక్సిసిలిన్, ఆ పెన్సిలిన్ కుటుంబానిదే.

ఫ్లెమింగ్ పెన్సిలిన్ని చూసింది 1928లో. అది డి-అలనీన్ జంట వేషం వేస్తుందని టిప్పర్, స్ట్రోమింజర్ చెప్పింది 1965లో. మధ్యలో 37 ఏళ్ళు. ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియకుండానే ప్రపంచం దాన్ని వాడేసింది, లక్షల ప్రాణాలు నిలబడ్డాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మా రూమ్మేటు దీన్నే నా మీదకి తిప్పాడు. దానికి తర్వాత వస్తా.

ఇప్పుడు 125. పెన్సిలిన్ రోగులకి అందకముందే, 1940లో, ఆక్స్‌ఫర్డ్‌లో ఏబ్రహామ్, చెయిన్ ఇద్దరూ దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి బ్యాక్టీరియాలో ఉందని ప్రకటించారు. ప్రొడక్షనుకి వెళ్ళకముందే బగ్గు రిపోర్టు అన్నమాట! ఆ రకం ఎంజైముల్ని ఇప్పుడు బీటా-లాక్టమేజులు అంటున్నారు. వీటిలో చాలావాటి పుట్టుక ఇంకా తమాషా. అవి గోడ కట్టే ఎంజైముల వంశంలోంచే వచ్చాయి. అదే కోడు, ఫోర్కు చేసి చిన్న మార్పు చేశారు. గోడ మేస్త్రీ పెన్సిలిన్ని పట్టుకుని ఇరుక్కుపోతాడు. ఈ కొత్తవాడు పట్టుకుంటాడు, ఒక నీటి అణువు సాయంతో విరగ్గొట్టి వదిలేస్తాడు, ఇంకోదాన్ని పట్టుకుంటాడు. బాగా చురుకైనవి సెకనుకి వెయ్యి దాకా విరగ్గొడతాయి.

దానికి వేసిన ప్యాచే క్లావులానిక్ యాసిడ్. ఇది సొంతంగా బ్యాక్టీరియాని పెద్దగా ఏమీ చెయ్యదు. ఆ విరగ్గొట్టేవాడికి ఎరగా వెళ్ళి, వాడి చేతుల్లో ఇరుక్కుని, వాణ్ణి పనికిరాకుండా చేస్తుంది. 500 పని చేస్తుంది, 125 దానికి బాడీగార్డు. 1981లో బ్రిటన్లో ఈ జంట మార్కెట్లోకొచ్చింది. అప్పట్నుంచీ ఇది ప్యాచి మీద ప్యాచి కథే. అంతకుముందే, 1959లో వచ్చిన మెథిసిలిన్‌కి 1961కల్లా లొంగని స్టాఫిలోకోకస్ బ్రిటన్లో కనబడింది. అది విరగ్గొట్టడం కాదు, మందుకి సులువుగా మోసపోని కొత్త మేస్త్రీనే తెచ్చుకుంది. ఆ తర్వాత పెద్దాసుపత్రుల ఆఖరి అస్త్రాలు, కార్బాపెనెమ్‌లు. వాటినీ విరగ్గొట్టే ఎన్‌డీఎమ్-1 గురించి 2009లో పేపరొచ్చింది, ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలో దొరికిందని. పేరులో మన రాజధాని ఉందని టీవీల్లో పెద్ద గొడవ చేశాం. అది ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు. దాని చేతిలో ఉన్నది జింకు, అంచేత క్లావులానిక్ ఎర దానికి పారదు. పైగా ఆ జన్యువు ప్లాస్మిడ్ల మీద ఉంటుంది. అంటే పెన్‌డ్రైవులో వేసుకుని ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి కాపీ కొట్టొచ్చు.

ఎన్‌డీఎమ్ తాకలేని పాత మందు ఒకటుంది, ఆజ్‌ట్రియోనామ్. దానికి బాడీగార్డుగా ఆవిబాక్టమ్‌ని జోడించిన మందుకి 2024లో యూరప్‌లో, 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. చెన్నైలోని ఆర్కిడ్ కనిపెట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్ కూడా ఇలాంటి బాడీగార్డే, సెఫెపిమ్‌తో కలిపి 2024లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. రెండూ గర్వించదగ్గ పనులే. కానీ చూడండి, 80 ఏళ్ళుగా ఈ కుటుంబం మందులన్నీ కొడుతున్నది ఆ చివరి ముడి వేసే ఎంజైముల్నే. మిగతాదంతా దాని చుట్టూ కాపలా.

ఒకే చోట ఇన్ని ప్యాచిలు పడుతున్నాయంటే మనం టీములో ఏమంటాం? "ఎవరైనా ముందు ఆ కోడు పూర్తిగా చదవండ్రా బాబూ" అంటాం కదా. చదువుతున్నవాళ్ళు ఎవరా అని వెతుకుతుంటేనే ఉప్పల్ రోడ్డు తగిలింది.

పైన చెప్పినదాంట్లో ఒక చిక్కుంది, మీరు గమనించారో లేదో. సంచీ మొత్తం ఒకే అణువు, ఎక్కడా ఖాళీ లేకుండా ముడులేసి ఉంది. లోపల ఒత్తిడి. బ్యాక్టీరియా పెరగాలి, అనుకూలంగా ఉంటే ఇ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. మరి కొత్త గొలుసుని ఎక్కడ దూరుస్తారు? నులకమంచం మీద మనిషి పడుకుని ఉండగా, వాడు కిందపడకుండా, మంచాన్ని ఓ జానెడు వెడల్పు చెయ్యమంటే ఎలా చేస్తారు? ముందు కొన్ని ముడులు విప్పాలి. అంటే గోడ కట్టడానికి మేస్త్రీ ఒక్కడే చాలడు, కత్తెర పట్టుకున్నవాడు కూడా ఉండాలి. ఈ ఊహ 1964 నాటిదే. నిరూపించడమే చేతకాలేదు. ఎందుకంటే ఇ.కోలైలో గోడని కత్తిరించే ఎంజైములు డజను పైనే ఉన్నాయి. ఒకటి తీసేస్తే ఇంకోటి పని కానిచ్చేస్తుంది. బ్యాకప్పు సర్వర్లున్న సిస్టములో ఏ సర్వరు ముఖ్యమో ఒక్కొక్కటీ ఆపి తెలుసుకోవాలనుకోవడం లాంటిది.

హైదరాబాదు సీసీఎంబీలో డాక్టర్ మంజులా రెడ్డి గారి బృందం 2012లో దీన్ని విప్పింది. మూడు ఎంజైములు, ఇప్పటి పేర్లలో మెప్-ఎస్, మెప్-ఎమ్, మెప్-హెచ్, సరిగ్గా ఆ తోకల ముడుల్నే కోస్తాయనీ, ఒకదాని పని ఇంకోటి చెయ్యగలదనీ చూపించారు. మూడింటినీ లేకుండా చేస్తే కొత్త సరుకు గోడలో చేరడం ఆగిపోయి కణం పగిలిపోతుంది. గోడని కోసేవాణ్ణి తీసేస్తే గోడ గట్టిపడాలి కదా? పడదు. కోసేవాడు లేకపోతే కట్టేవాడికి పని లేదు.

అంతటితో అయిపోలేదు. కత్తెర ఎక్కువైనా ముప్పే. 2015లో అదే బృందం ఆ కాపలా ఎవరిదో చెప్పింది. ఎన్ఎల్‌పీ-ఐ అనే ప్రొటీను మెప్-ఎస్‌ని పట్టుకెళ్ళి పీఆర్‌సీ అనే నరికే ఎంజైముకి అప్పజెబుతుంది. జోరుగా పెరిగే కణంలో మెప్-ఎస్ ఆయుష్షు నిమిషాల్లోనే. కత్తెరని చేతికిచ్చి, రెండు ముడులు కోయనిచ్చి, వెంటనే లాగేసుకోవడం. నడుస్తున్న సిస్టముని ఆపకుండా స్కీమా మార్చినవాళ్ళకి ఇందులోని అందం ఇట్టే అర్థమవుతుంది. నాకు రాత్రి రెండింటికి అర్థమైంది, పక్కన ఎవరూ లేరు చెప్పుకోడానికి.

పెన్సిలిన్ ఎలా చంపుతుందన్న దానికీ ఇక్కడే ఇంకో ముక్క దొరుకుతుంది. మేస్త్రీలు ఆగిపోతే గోడ పెరగదు, సరే, చావడమెందుకు? 2014లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ వాళ్ళు చూపించినదేంటంటే, ముడి ఆగినా గొలుసు తయారీ ఆగదు, ముడి పడని ఆ గొలుసుల్ని కత్తెర పనివాళ్ళు వెంటనే తుక్కు చేసేస్తుంటారు. సరుకంతా తయారవుతూ తుక్కవుతూ కణం తనని తానే ఖాళీ చేసుకుంటుంది. అనంతమైన లూపు.

మంజులా రెడ్డి గారికి ఈ గోడ పనికే 2019లో ఇన్ఫోసిస్ ప్రైజు వచ్చింది, జీవశాస్త్రాల విభాగంలో, లక్ష డాలర్లు. చూడండి మన సంగతి. ఇన్ఫోసిస్ మూడు నెలలకోసారి ప్రకటించే లెక్కలు దశాంశ స్థానాలతో సహా నోటికి చెప్పేవాళ్ళం. ఆ ప్రైజు మన ఊళ్ళో ఎవరికి ఎందుకొచ్చిందో మా ఫ్లోర్లో అడిగితే ఒక్కరు చెప్పలేదు. నేనూ ఆ ఒక్కణ్ణి కాను. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అదే నీలం లైను మీద హబ్సిగూడలో దిగొచ్చు, అక్కణ్ణుంచి సీసీఎంబీ ఎంతో దూరం లేదు. ఆ లైను మీద ఏడాది తిరిగాను.

ఇదంతా చెప్తే మా రూమ్మేటు ఓపిగ్గా విని, "బావుంది మామా, కానీ ఉపయోగం ఏంటి? ఆ కత్తెర మీద మందు వచ్చిందా?" అన్నాడు. రాలేదు. "పెన్సిలిన్ ఎలా పనిచేస్తుందో తెలియకుండానే వచ్చిందన్నావు, మరి ఈ తెలుసుకోవడాలకి గవర్నమెంటు డబ్బెందుకు?" అన్నాడు. వాడి ప్రశ్న బానే ఉంది. నేను రెండ్రోజులు ఆలోచించి చెప్పిన జవాబు ఇది. బూజుల్లో, మట్టిలో దొరికే మందులు మొదట్లో కుప్పలుగా దొరికాయి. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన నడిపిన లెడర్లీ నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ కూడా మట్టి సూక్ష్మజీవిదే (అది గోడ జోలికి పోదు, ప్రొటీన్ల తయారీని ఆపుతుంది). తర్వాత తర్వాత ఎంత వెతికినా దొరికినవే మళ్ళీ దొరకడం మొదలైంది. ఇక చీకట్లో చేతులు పెట్టి తడుముకుంటే దొరికే రోజులు పోయాయి. క్లావులానిక్ యాసిడ్‌ని చూడండి, అదీ ఒక మట్టి జీవి నుంచే వచ్చింది, కానీ వాళ్ళు వెతికింది బ్యాక్టీరియాని చంపేదాని కోసం కాదు, బీటా-లాక్టమేజుని ఆపేదాని కోసం. శత్రువు ఎంజైము పేరు తెలిసింది కాబట్టే ఏం వెతకాలో తెలిసింది. మెప్-ఎస్ పేరు 2012కి ముందు వెతకాల్సిన జాబితాలో ఉండేదే కాదు.

దేశం మొత్తం మీద పరిశోధనకి మనం పెట్టే ఖర్చు 2020-21 లెక్కల్లో జీడీపీలో 0.64 శాతం. అందులో ఇ.కోలై గోడకి వచ్చే వాటా ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. దాన్ని కూడా "దేనికి పనికొస్తుంది" అని అడిగే మనం, ఎవడో ఏ లైసెన్సుతో రాశాడో తెలియని ఓపెన్ సోర్సు లైబ్రరీల మీద జీతాలు తీసుకుంటున్నాం. ఆ లైబ్రరీలు రాసినవాణ్ణి ఆ రోజు ఎవరైనా ఆర్‌వోఐ అడిగుంటే ఈ రోజు మన ఉద్యోగాలుండేవి కావు. ఇది కాస్త ఆవేశంలో అన్నాను, కానీ వెనక్కి తీసుకోను.

ఇక రెండో వైపు. కొత్త మందు రావడానికి పదేళ్ళో పదిహేనేళ్ళో పడుతుంది. అప్పటిదాకా ఉన్న మందు నిలబడాలి. దాన్ని అరగదీస్తున్నవాళ్ళలో నేనొకణ్ణి. నేను గొంతు కోసం 625 వేసుకున్నాననుకున్నా. గొంతులో ఉన్న వైరస్సుకి అది తగల్లేదు. తగిలింది పేగుల్లో ఉన్న కోటానుకోట్ల బ్యాక్టీరియాకి. 625 వేసుకుంటే చాలామందికి విరేచనాలు పట్టుకుంటాయి కదా, ఏ పాపం చెయ్యకుండా అక్కడ కాపురముంటున్న వాటి గోడలు కూలడం కూడా ఓ కారణం. ఆ కూలినవాటి మధ్య విరగ్గొట్టే ఎంజైము ఉన్నది ఒకటి మిగిలితే చాలు, ఖాళీ అయిన చోటంతా దానిదే. రేపు అదే ఇ.కోలై మూత్రంలో ఇన్‌ఫెక్షనై, నాకో మా అమ్మకో వస్తే, అప్పుడు ఈ మందు పనిచేయకపోవచ్చు. లాన్సెట్లో వచ్చిన లెక్క ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా తీసిన ప్రాణాలు 12 లక్షల 70 వేలు, ప్రపంచం మొత్తం మీద.

కోర్సు మధ్యలో ఆపేశావు, అదే తప్పు అని మా వదిన (నర్సు) తిట్టింది. అసలు తప్పు అది కాదని నాకనిపిస్తోంది. కొన్ని జబ్బులకి ఇదివరకు అనుకున్నదానికంటే తక్కువ రోజులు వాడినా చాలని ఈ మధ్య చాలా పరిశోధనలు చెబుతున్నాయి. ఎన్ని రోజులన్నది డాక్టరు తేల్చాలి. నా తప్పు మొదలుపెట్టడంలోనే ఉంది. అన్నట్టు, మెడికల్ షాపువాణ్ణి తిట్టి చేతులు దులుపుకోవడం కూడా నాకిష్టం లేదు. డాక్టరు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో, ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్ళాల్సినవాడికి మెడికల్ షాపే ఆసుపత్రి. వాణ్ణి నేనేమీ అనను. కానీ మనకేమొచ్చింది? కంపెనీ ఇన్సూరెన్సుంది, ఫోన్లో డాక్టరున్నాడు, సిక్ లీవులున్నాయి. లేనిదల్లా రెండ్రోజులు ముక్కు కారనిచ్చే ఓపిక. కేరళలో 2024లో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే షాపుల మీద గట్టిగా పడ్డారు. ఇక్కడ కూడా పడాలి, ముందు హైటెక్ సిటీ చుట్టుపక్కల మొదలుపెడితే నాకేం అభ్యంతరం లేదు. నన్నే మొదట పట్టుకుంటారు, పట్టుకోనీ.

మొన్న సోమవారం పక్క టీము కుర్రాడు తుమ్ముకుంటూ వచ్చాడు. "అన్నా, నీ దగ్గర 625 ఉండాలి కదా, రెండివ్వవా" అన్నాడు. డ్రాయర్లో ఉన్నాయి. లేవన్నాను. అబద్ధమని వాడికి తెలిసిపోయింది, అట్ట సగం బయటికి కనబడుతోంది మరి. కూర్చోబెట్టి నులకమంచం దగ్గర్నుంచి మొదలుపెట్టా. మ్యూర్-సీ దాకా విన్నాడు, స్టాండప్పుకి టైమైందని లేచిపోయాడు. సాయంత్రం చూస్తే వాడి డెస్కు మీద కొత్త అట్ట ఉంది.